నూనె వదిలిస్తే నడిచే కెమెరాలు: మడత కెమెరాల ప్రాజెక్టు డైరీ

మే

బల్ల మీద రెండు మడత కెమెరాలున్నాయి, లెన్స్‌ను లోపలికి మడిచి తలుపు మూసేసే పాతకాలపు రకం. ఒకటి ఆగ్ఫా ఐసొలెట్–2. 1950ల్లో మ్యూనిక్‌లో తయారైంది. 120 ఫిలిం (వెనక కాగితం ఉండే వెడల్పాటి ఫిలిం చుట్ట) మీద 6×6 సెంటీమీటర్ల సైజులో పన్నెండు ఫొటోలు తీస్తుంది. రెండోది కొడాక్ సిక్స్–16. అది ఇంకా పాతది, 1930ల నాటిది. దానికి కావలసిన 616 ఫిలిం 1984లోనే ఆగిపోయింది. ఐసొలెట్‌ను పుట్టినప్పుడు ఎలా ఉందో అలా నడిపించాలి. కొడాక్‌ను మాత్రం ఇప్పుడు దొరికే 120 ఫిలింకి మార్చాలి. ఈ డైరీ ఈ రెండు పనుల గురించే.

మడత కెమెరాల మీద ఇంత మోజు ఎందుకని అడిగేవాళ్లకు ఒక లెక్క చెబుతాను. 35 ఎంఎం నెగెటివ్ 24×36 మిల్లీమీటర్లు. ఐసొలెట్ నెగెటివ్ దాదాపు 56×56. అంటే మూడున్నర రెట్లకు పైగా ఎక్కువ జాగా. అంత పెద్ద నెగెటివ్ ఇచ్చే కెమెరా మూత వేస్తే చొక్కా జేబులో కాకపోయినా కోటు జేబులో పడుతుంది. బ్యాటరీ లేదు, సర్క్యూట్ లేదు. లోపలున్నవి ఇత్తడి, ఉక్కు, గాజు. ఇవి డెబ్భై ఏళ్లయినా చెడిపోయే సరుకు కాదు. చెడిపోయేవి రెండే: వాటి మధ్య పూసిన జిడ్డు, లెన్స్‌నూ బాడీనీ కలిపే బెల్లోస్, అంటే హార్మోనియం తిత్తిలా మడతపడే గొట్టం.

ఐసొలెట్ ఇప్పుడున్న స్థితి రాసుకుంటున్నాను. ఫోకస్ రింగు కదలదు. షట్టర్‌ను ఒక సెకనుకు పెట్టి నొక్కితే తెరుచుకుంటుంది, మూసుకోదు. బెల్లోస్ మూలలు తెల్లబడ్డాయి. వెనక గాజుకు ఫంగస్ పట్టింది. పైతోలు ఒక అంచున లేచింది. బాడీకి సొట్టలు లేవు, తలుపు తెరిస్తే లెన్స్ ఉన్న ముందు భాగం టక్కున నిలబడుతోంది. మడత కెమెరా కొనేటప్పుడు నేను మొదట చూసేది ఇదే. ఆ ముందు భాగాన్ని మోసే ఉక్కు చేతులు వంగిన కెమెరాను సరిచెయ్యడం నాకు తెలిసిన పనుల్లో అన్నిటికంటే కష్టం. మిగతావన్నీ ఓపికతో అయ్యేవే.

మే, రెండో సగం

పని ఫోకస్‌తో మొదలుపెట్టాను. ఆగ్ఫా ఆ రోజుల్లో వాడిన గ్రీజు కాలక్రమేణా ఆకుపచ్చగా మారి బంకలా బిగుసుకుంటుంది. ఈ కెమెరాలు బాగుచేసేవాళ్లందరికీ ఆ పచ్చ జిడ్డు బాగా పరిచయం. ఇందులో ఒక మోసం ఉంది. ఈ కెమెరాలో ముందు గాజు ఒక్కటే మర మీద తిరుగుతూ ఫోకస్ అవుతుంది. జిడ్డు బిగుసుకున్నాక బలంగా తిప్పితే ముందు గాజు, దాని వెనకున్న మధ్య గాజు రెండూ కలిసి షట్టర్‌లోంచి ఊడుతూ తిరుగుతాయి. ఫోకస్ తిరుగుతోందనే అనిపిస్తుంది, ఫొటోలు మాత్రం అన్నీ మసకగా వస్తాయి. "ఫోకస్ స్మూత్‌గా ఉంది" అని అమ్మేవాళ్లు చెప్పే ఐసొలెట్లలో చాలావాటి సంగతి ఇదేనని నా అనుమానం.

రింగు చుట్టూ ఉన్న మూడు చిన్న మరలు వదులు చేస్తే దూరాల అంకెలున్న రింగు ఊడొచ్చింది. దాని కింద ముందు గాజు, మధ్య గాజు ఒకే ముద్దగా బయటికొచ్చాయి. ఆ ముద్దను లైటర్ ఫ్లూయిడ్‌లో రాత్రంతా నానబెట్టి, పొద్దున హెయిర్ డ్రయర్‌తో వేడి చేసి, రెండు వైపులా రబ్బరు ముక్కలతో పట్టి మెల్లగా తిప్పాను. మొదట ఏమీ కాలేదు. మళ్లీ నానబెట్టడం, మళ్లీ వేడి చెయ్యడం. పట్టుకారు జోలికి వెళ్లకూడదు. పల్చటి ఇత్తడి ఉంగరం ఒక్కసారి కోలగా నొక్కుకుపోతే ఇక అది ఏ మరలోనూ కూర్చోదు.

చివరికి కదిలింది. కదిలాక ముఖ్యమైన పని ఇంకొకటి ఉంది: మరలు సరిగ్గా ఎక్కడ విడిపోతున్నాయో గుర్తు పెట్టుకోవాలి. ఈ మరకు మొదలు ఒక్కటే ఉండదు, చాలా చోట్ల నుంచి ఎక్కుతుంది. వేరే చోట ఎక్కిస్తే తిరగడం బాగానే తిరుగుతుంది కానీ ఫోకస్ ఎప్పటికీ కుదరదు. విడిపోయిన చోట రెండు ముక్కల మీదా సూదితో సన్నటి గీత గీశాను. తర్వాత మరల సందుల్లోంచి పచ్చ జిడ్డును పుల్లలతో, ఇయర్ బడ్స్‌తో తీస్తూ కూర్చున్నాను. గుడ్డ మీద పచ్చ మరకలు, మర గట్ల మీద తిరిగి తళుక్కుమన్న ఇత్తడి. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. మర శుభ్రమయ్యాక రెండు ముక్కలూ వేలి కొసతో తిరిగాయి. కొత్త గ్రీజు మరకు అంటీ అంటనట్టు పూశాను, అంతే.

జూన్, మొదటి వారాలు

తర్వాత షట్టర్. ఇందులో ఉన్నది ప్రాంటర్–ఎస్. జర్మనీలో కాల్మ్‌బాఖ్ అనే ఊళ్లో గౌథియర్ కంపెనీ చేసేది. 1 సెకను నుంచి 1/300 వరకు, దాంతోపాటు బి, అంటే నొక్కినంతసేపూ తెరిచి ఉండేది. ఒక సెకనుకు తెరుచుకుని అలాగే ఉండిపోవడానికి కారణం సాధారణంగా స్ప్రింగు కాదు. తక్కువ వేగాలను నియంత్రించే చిన్న పళ్లచక్రాల వరస ఎండిన నూనెలో ఇరుక్కుంటుంది.

సికింద్రాబాద్‌లో నాకు తెలిసిన గడియారాల మేస్త్రీ ఒకాయన ఉన్నారు. కెమెరాలు బాగుచెయ్యరు కానీ ఇలాంటి చక్రాల సంగతి ఆయనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. షట్టర్ మూత తీసి ఆయన ముందు పెట్టాను. లూప్ (చిన్న భూతద్దం) కంటికి పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఇందులో నూనె ఎవరో పోశారమ్మా."

"పాతది కాదా బాబాయ్?"

"పాతది ఇలా రెక్కల దాకా పాకదు. నడవట్లేదని ఎవరో డబ్బాతో పోసుంటారు. ముందు అది మొత్తం కడుగు. కడిగాక నడుస్తుంది. నడిస్తే ఇక ముట్టుకోకు."

ఇదే మాట నేను ప్రతి కొత్త అభిరుచిదారుకీ చెబుతూ ఉంటాను. ఇంట్లో ఏది బిగుసుకున్నా రెండు చుక్కలు నూనె వెయ్యడం మన అలవాటు. కుట్టుమిషన్‌కీ తలుపు బందుకీ అది మందే. లెన్స్ మధ్యలో ఉండే ఈ షట్టర్‌కు మాత్రం అదే జబ్బు. దీని రెక్కలు కాగితం కంటే పల్చటి ఉక్కు రేకులు, ఒకదానిమీద ఒకటి జారుతూ తెరుచుకుంటాయి. మధ్యలో నూనె పొర పడితే తడిసిన గాజు పలకల్లాగా అతుక్కుపోతాయి. రెక్కలు పొడిగానే నడవాలి. పళ్లచక్రాల ఇరుసుల దగ్గర మాత్రం, అదీ అవసరమైతే, సూదిమొన మీద నిలిచేంత వాచ్ ఆయిల్ చాలు.

మూత, వేగాల రింగు తీసేశాక షట్టర్‌ను లైటర్ ఫ్లూయిడ్‌లో ముంచి, ఆరబెట్టి, మళ్లీ ముంచాను. రెక్కల మీద ఇంద్రధనుస్సు రంగులు కనిపిస్తున్నంతకాలం నూనె ఉన్నట్టే లెక్క. ఆ రంగులు పూర్తిగా పోయేదాకా ఆపలేదు. పనిముట్లకు పెద్దగా ఖర్చు లేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, సన్నటి ట్వీజర్స్, చిన్న స్క్రూడ్రైవర్లు అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో మొబైల్ రిపేరు సామాన్లు అమ్మేచోట దొరికాయి. షట్టర్ వెనక ఉండే గాడుల రింగు విప్పడానికి పాత ఉక్కు డివైడర్ మొనలను ఆకురాయితో చదునుగా అరగదీశాను.

వేగాల కొలత ఫోన్‌తోనే. స్లో మోషన్‌లో సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్‌ను షట్టర్ ముందు పెట్టి, వెనకనుంచి దీపం వెలిగించి, ఎన్ని ఫ్రేముల్లో వెలుతురు కనబడిందో లెక్కపెట్టాలి. 1 సెకను దగ్గర 240 రావాలి, 262 వచ్చాయి. స్టాప్‌లో (ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు కావడం) ఎనిమిదో వంతు తేడా, నెగెటివ్ ఫిలింకి అది లెక్కలోకే రాదు. 1/25కు తొమ్మిదీ పదీ మధ్య రావాలి, వచ్చాయి. 1/100 దాటాక ఫోనుతో కుదరదు, రెండు మూడు ఫ్రేముల్లో అయిపోతుంది. అక్కడ వెలుతురును పసిగట్టే ఒక ఫొటోట్రాన్సిస్టర్‌ను కంప్యూటర్ మైక్ సాకెట్‌కు కలిపి, ఆ తరంగాన్ని సౌండ్ ఎడిటర్‌లో కొలిచాను. 1/300 అని రాసున్నది నిజానికి 1/220 దగ్గర నడుస్తోంది. అర స్టాప్ లోపు తేడా. స్ప్రింగు బిగించి దాన్ని సరిచెయ్యొచ్చు, చెయ్యను. డెబ్భై ఏళ్ల స్ప్రింగును బలవంతపెట్టడం కంటే కెమెరా కేసులో "300 = 220" అని చీటీ పెట్టుకోవడం మేలు.

జూన్ చివర, వానలు పడ్డాక

బెల్లోస్ పరీక్షకు చీకటి గది, చిన్న ఎల్‌ఈడీ టార్చి చాలు. టార్చిని కెమెరా వెనకవైపు నుంచి లోపల పెట్టి, బెల్లోస్‌ను బయటినుంచి అన్ని కోణాల్లో చూడాలి. ఐసొలెట్‌లో ప్రతి మడత మూలా ఒక వెలుగు చుక్క. ఆ కాలంలో ఆగ్ఫా బెల్లోస్‌కు తోలు బదులు ఒక కృత్రిమ పదార్థం వాడింది, అది మూలల్లో పగుళ్లిస్తుంది. అదే రోజుల ఇంకో జర్మన్ మడత కెమెరా జైస్ ఐకాన్ నెట్టార్ తోలు బెల్లోస్ ఇవాళ్టికీ వెలుతురు కారకుండా ఉండడం చూశాను. ఒకటి రెండు చిల్లులుంటే నల్ల ఫాబ్రిక్ పెయింటు పూసి సరిపెట్టొచ్చు. ఇన్ని ఉన్నప్పుడు ఒకటి మూస్తే రెండు తెరుచుకుంటాయి. కొత్తది చెయ్యాల్సిందే.

పాతదాన్ని జాగ్రత్తగా ఊడదీశాను. వెనక ఫ్రేముకు జిగురుతో అంటుకుని ఉంది, ముందు షట్టర్ రింగు కింద నొక్కి ఉంది. ఊడదీశాక దాని అతుకు విప్పి, చదునుగా పరిచి, మడతల సంఖ్య, ప్రతి గోడ వెడల్పు కాగితం మీదికి ఎత్తుకున్నాను. పాతది ఎంత చిరిగినా పారెయ్యకూడదు, కొత్తదానికి కొలత అదే.

సామాను విషయంలో చాలా వెతికాను. సమస్య వెలుతురు ఆపడం ఒక్కటే కాదు, మందం కూడా. బెల్లోస్ మడిస్తే కొద్ది మిల్లీమీటర్ల సందులో ఇమడాలి, లేకపోతే కెమెరా తలుపు పడదు. పుస్తకాల అట్టలకు వేసే రెక్సిన్ మందం ఎక్కువ. చివరికి బయటి పొరకు నల్ల గొడుగు బట్ట తీసుకున్నాను. లోపలివైపు పూత ఉన్న రకం. లోపలి పొరకు నల్ల పాప్లిన్. పాప్లిన్ మెరవదు కాబట్టి లోపల వెలుతురు తిరిగి కొట్టదు. రెండూ కలిపి ఫోన్ టార్చికి అడ్డంపెట్టి చూశాను, చుక్క వెలుతురు రాలేదు. మధ్యలో డ్రాయింగ్ కార్డు పట్టీలు, 0.2 మిల్లీమీటర్ల మందం.

గొడుగు బట్టను బోర్లా పరిచి, నాలుగు గోడల రేఖలు తెల్ల పెన్సిలుతో గీసి, పట్టీలను ఒక్కొక్కటే అంటించాను. పట్టీకీ పట్టీకీ మధ్య ఒక మిల్లీమీటరు ఖాళీ వదలాలి. మడత పడేది అక్కడే. మూలల దగ్గర పట్టీల చివరలు ఏటవాలుగా కత్తిరించాలి. చతురస్రంగా వదిలేస్తే మడిచినప్పుడు ఒకదానికొకటి తన్నుకుని బట్టను పొడుస్తాయి. జిగురు రబ్బరు రకం, థిన్నర్‌తో బాగా పల్చన చేసింది. దానిమీద పాప్లిన్ పరిచి నొక్కి, జిగురు పూర్తిగా బిగిసేలోపే మడతలు మొదలుపెట్టాను. ముందు చేతివేళ్లతో ప్రతి గీతా విడిగా మడవాలి, తర్వాత గొట్టంగా చుట్టి అతుకు వెయ్యాలి. అతుకు కెమెరా అడుగువైపుకు వచ్చేలా చూసుకున్నాను. ఆ తర్వాత మూలలు. ఒక్కొక్క మూలనూ చిటికెనవేలితో లోపలినుంచి ఆనుకుని, బయటినుంచి బొటనవేలితో నొక్కుతూ పోతే, మొదటి మూడు నాలుగు మడతలు మొండికేసి, ఆ తర్వాత బట్టే తన దారి తను తెలుసుకుంటుంది. రాత్రంతా లావుపాటి నిఘంటువు కింద పెట్టాను.

పొద్దున కెమెరాలో బిగించి తలుపు మూస్తే క్లిక్కుమని పడింది. చీకటి గదిలో టార్చి పరీక్ష మళ్లీ చేశాను. ఎక్కడా చుక్క లేదు.

లేచిన పైతోలును లక్కతో అంటించాను. లక్క పలుకులు స్పిరిట్‌లో కరిగించి రెండు వైపులా పూసి, కాస్త ఆరాక నొక్కడమే. పాత రోజుల్లో కెమెరా కంపెనీలు వాడింది కూడా లక్కే. సూపర్ గ్లూ వేస్తే రేపు ఇంకొకరు విప్పాలన్నప్పుడు తోలు చిరుగుతుంది. లక్కయితే స్పిరిట్ తగలగానే వదిలేస్తుంది. నా తర్వాత ఈ కెమెరాను విప్పేవాళ్లకు దారి ఉంచడం నాకు ముఖ్యం.

జులై

మన వాతావరణంలో లెన్స్‌కు అసలు శత్రువు ఫంగస్. వానాకాలం గాలిలో తేమ, కెమెరా తోలు కేసులో చీకటి, రెండూ కలిస్తే దానికి ఇంకేం కావాలి? విశాఖ, కాకినాడల నుంచి వచ్చిన లెన్సుల్లో నాకు ఇది మరీ ఎక్కువగా కనబడింది. ఐసొలెట్‌లో ఉన్నది అపోటార్ 85 ఎంఎం, ఎఫ్ 4.5, మూడు గాజుల లెన్స్. ఎఫ్ అంకె లెన్స్ రంధ్రం సైజు చెబుతుంది, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది. వెనక గాజు లోపలివైపు అంచు నుంచి మధ్యకు సన్నటి దారాలు పాకి ఉన్నాయి. మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్, అమ్మోనియా సమపాళ్లలో కలిపి, కిటికీ తెరిచిపెట్టుకుని, మెత్తటి కాగితాన్ని తడిపి గాజు మీద కాసేపు ఉంచాను. తర్వాత డిస్టిల్డ్ వాటర్, చివరగా ఆల్కహాల్. దారాలు పోయాయి. అంచు దగ్గర ఒకచోట గాజు మీది పూతను ఫంగస్ తినేసిన మచ్చ మిగిలింది. అది పోదు, పాలిష్ చెయ్యబోతే చుట్టూ ఉన్న పూత కూడా పోతుంది. అంచున ఉంది కాబట్టి ఎఫ్ 8 దాటితే దాని ప్రభావం ఉండదు. ఇప్పట్నుంచి ఈ కెమెరా తోలు కేసులో కాకుండా గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో ఉంటుంది.

లెన్స్ మళ్లీ కూర్చాక అనంతాన్ని సరిచెయ్యాలి. అంటే ఫోకస్ రింగు చివరికంటా తిప్పినప్పుడు చాలా దూరంలోని వస్తువు ఫిలిం మీద పదునుగా పడాలి. వెనక మూత తీసి, ఫిలిం ఆనే లోపలి పట్టాల మీద గరుకు గాజు ముక్కను, గరుకువైపు లెన్స్‌కు ఎదురుగా పెట్టాను. షట్టర్‌ను బిలో తాళం వేసిన కేబుల్ రిలీజ్‌తో (షట్టర్‌ను నొక్కే తీగతో) తెరిచి ఉంచాను. మల్కాజిగిరిలో మా డాబా మీదినుంచి మౌలాలి గుట్ట బాగా కనబడుతుంది. గుట్ట మీది దర్గా గోడ అంచును గాజు మీద తలకిందులుగా పట్టి, పది రెట్ల లూప్‌తో చూస్తూ ముందు గాజును వెంట్రుకవాసి తిప్పుతూ పోయాను. గోడ అంచు కత్తిరించినట్టు పదునుగా నిలిచినచోట ఆపి, అంకెల రింగును అనంతం గుర్తు దగ్గర పెట్టి మూడు మరలూ బిగించాను. ఎఫ్ 4.5 దగ్గరే చెయ్యాలి, రంధ్రం చిన్నదైతే ఏ దూరమైనా పదునుగానే కనిపించి మోసపోతాం. నాలుగు మూలలూ విడివిడిగా చూశాను. ముందు భాగం ఫిలింకి సమాంతరంగా ఉందో లేదో అక్కడే తేలుతుంది. బాగానే ఉంది.

ఈ కెమెరాలో దూరం కొలిచే సాధనం లేదు, అంచనాతోనే పని. వీధిలో తిరిగేటప్పుడు ఎఫ్ 16 పెట్టి దూరం తొమ్మిది మీటర్లకు ఉంచితే నాలుగున్నర మీటర్ల నుంచి అనంతం దాకా ఫోకస్‌లోనే ఉంటుంది. పగటి వెలుతురులో అది చాలు.

ఆగస్టు

మొదటి రోల్ ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 నలుపు తెలుపు ఫిలిం. మడత కెమెరా తెరవడంలో ఒక పద్ధతి ఉంది. బెల్లోస్ ఒక్కసారిగా సాగితే లోపల గాలి తగ్గి, ఆ పీల్పుకు ఫిలిం ముందుకు ఉబ్బుతుంది. అందుకే కెమెరాను మెల్లగా తెరిచి, ఆ తర్వాతే తర్వాతి ఫ్రేముకు తిప్పాలి. ఫ్రేము అంకె చూడడానికి వెనకున్న ఎర్ర కిటికీ ఎరుపుకు స్పందించని పాత ఫిలిముల కాలం నాటిది, ఇప్పటి ఫిలిం ఎరుపును కూడా చూస్తుంది. అంకె చూసేటప్పుడు నీడలో నిలబడి, చూడగానే కిటికీ మూసేస్తున్నాను.

డెవలపింగ్ డి–76 అనే రసాయనంలో, 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. కుళాయి నీళ్లు అంతకంటే చాలా వెచ్చగా ఉన్నాయి, అందుకని టబ్బులో ఐసు వేసి సీసాలన్నీ అందులో నిలబెట్టాను. నెగెటివ్‌లలో వెలుతురు కారిన జాడ లేదు. ఇస్త్రీ బండి దగ్గర రెండు మీటర్ల దూరంలో తీసిన ఫ్రేములో పెట్టె మూత చిలుకబొమ్మ, చొక్కా కాలరు కుట్టు స్పష్టంగా ఉన్నాయి. ఆ వెనక కొమ్మలు కాస్త సుడి తిరిగినట్టు కరిగిపోయాయి. మూడు గాజుల లెన్స్‌ను పెద్ద రంధ్రంతో వాడితే వచ్చే లక్షణం అది, నాకు చాలా ఇష్టం. ఐసొలెట్ పని ఇక్కడితో అయింది.

ఆగస్టు చివర

ఇప్పుడు కొడాక్ సిక్స్–16. 616 ఫిలిం వెడల్పు 70 మిల్లీమీటర్లు, ఫ్రేము 6.5×11 సెంటీమీటర్లు. 120 ఫిలిం వెడల్పు 61 మిల్లీమీటర్ల పైచిలుకు. మార్చితే 56×108 కొలతలో పొడవాటి ఫ్రేము వస్తుంది, వెడల్పు ఎత్తుకు దాదాపు రెండింతలు. హుస్సేన్‌సాగర్ కట్టకు ఈ ఆకారం సరిగ్గా సరిపోతుంది.

కొత్త ఫిలిం చుట్ట అటూ ఇటూ కదలకుండా బాలానగర్‌లో ఒక లేతు షాపులో రెండు ఇత్తడి బిళ్లలు చేయించాను. ఫిలిం చుట్టుకునే వైపు పాత 616 స్పూలే ఉంటుంది, దాని రెండు చివర్లా రింగులు వేశాను. ఆ స్పూలు మీద 120 ఫిలిం అంచులకు రక్షణ ఉండదు కాబట్టి రోల్ అయ్యాక ఛేంజింగ్ బ్యాగులోనే (వెలుతురు చొరబడని నల్ల సంచిలోనే) తియ్యాలి. ఫిలిం గేటు (ఫిలిం మీద వెలుతురు పడే చట్రం) తెరపు ఫిలిం కంటే వెడల్పు, అలాగే వదిలేస్తే ఫిలిం అంచులు లోపలికి జారిపోతాయి. పైనా కిందా నల్ల రంగు వేసిన పల్చటి ఇత్తడి పట్టీలు అంటించి తెరపును 56 మిల్లీమీటర్లకు కుదించాను. పట్టీల ఉపరితలం పాత పట్టాలతో సమంగా ఉండాలి, ఎత్తు మారితే ఫోకస్ మారుతుంది.

ఇందులో నాకు బాగా నచ్చిన భాగం కిటికీ లెక్క. 120 ఫిలిం వెనక కాగితం మీద మధ్య వరసలో 6×6 అంకెలుంటాయి, ఒక అంకెకూ ఇంకో అంకెకూ మధ్య ఆరు సెంటీమీటర్ల పైచిలుకు. మన ఫ్రేము 11 సెంటీమీటర్లు, అంటే రెండంకెలకు ఒక ఫ్రేము. మొదటి ఫ్రేము కేంద్రం ఒకటికీ రెండుకీ మధ్యలో పడాలి. అందుకే పాత కిటికీని మూసేసి, మధ్య గీత మీదే, ఫ్రేము కేంద్రం నుంచి చుట్టుకునే స్పూలు వైపుకు మూడు సెంటీమీటర్ల పైచిలుకు జరిపి కొత్త రంధ్రం చేశాను. ఇప్పుడు 1, 3, 5, 7, 9, 11 దగ్గర ఆపితే చాలు, రోల్‌కు ఆరు ఫొటోలు. రంధ్రానికి పాత కిటికీ ఎర్ర రేకునే వేసి, లోపల చుట్టూ నల్ల స్పాంజి అంటించి, పైన జరిపే మూత పెట్టాను.

దీని లెన్స్ కొడాక్ అనాస్టిగ్మాట్, ఎఫ్ 6.3. గాజు నిర్మలంగా ఉంది. బెల్లోస్ తోలుది, మూలల్లో రెండే చిల్లులు, పెయింటుతో మూసుకున్నాయి. షట్టర్‌ను కడిగితే అన్ని వేగాలూ వచ్చాయి.

తొలి రోల్ కడిగి చూశాను. ఫ్రేముల మధ్య ఖాళీ సమంగా ఉంది, ఒకదాని మీద ఒకటి పడలేదు. ఆరింటిలోనూ ఎడమ చివర కుడి చివరకంటే మెత్తగా వచ్చింది. గరుకు గాజు పెట్టి చూస్తే లెన్స్ ముందు భాగం ఒకవైపు ముప్పావు మిల్లీమీటరు వెనక్కి వాలి ఉంది. ఆ వైపు ఉక్కు చేతి ఇరుసు అరిగింది. దాని కింద వెయ్యడానికి పల్చటి ఇత్తడి వాషర్ కావాలి, గడియారాల మేస్త్రీ గారిని అడిగాను. వచ్చే వారం ఇస్తానన్నారు. అది వేశాక మౌలాలి గుట్ట మీద మళ్లీ నాలుగు మూలలూ చూసి, రెండో రోల్ ఎక్కిస్తాను.